పంటి మీద 5.5

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయి రెండు పూటలా పళ్ళు తోముతాడండీ. అయినా రెండు దవడ పళ్ళు పుచ్చిపోయాయి. ఇంకా గట్టిగా తోమమనాలా?"

వద్దండీ. గట్టిగా రుద్దితే చిగుళ్ళు వెనక్కి పోతాయి, చల్లటి నీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. పుచ్చు మాత్రం ఆగదు. పన్నుని తినేది ఆమ్లం. పిప్పి పన్నులో పురుగు ఉంటుందని, వాకుడు గింజల పొగ పెడితే రాలిపడుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. పంటిని తొలిచే పురుగు ఏదీ లేదు.

పంటి పైపొర ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో జీవకణాలు లేవు కాబట్టి ఒకసారి ఊడిపోయిన ముక్క మళ్ళీ మొలవదు. పాచిలోని బాక్టీరియా మనం తిన్న చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. 1940లలో స్టీఫన్ అనే అమెరికా పరిశోధకుడు పాచిలోకే సన్నటి ఎలక్ట్రోడ్ పెట్టి కొలిచాడు. గ్లూకోజు నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) దబ్బున పడిపోయింది, మళ్ళీ పైకి రావడానికి అరగంటకు పైగా పట్టింది. పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు ఎనామిల్ స్ఫటికాల్లోని హైడ్రాక్సిల్‌ను నీరుగా, ఫాస్ఫేట్‌ను హైడ్రోజన్ ఫాస్ఫేట్‌గా మార్చేస్తాయి. స్ఫటికం కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలంలోని బైకార్బనేట్ ఆమ్లాన్ని విరిచేస్తే, అదే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ ఆ ఖాళీల్లో తిరిగి చేరతాయి. అంటే మన పన్ను రోజూ కాస్త కరుగుతూ, కాస్త కట్టుకుంటూ ఉంటుంది! బళ్ళో దంత సూత్రం బట్టీ పట్టిస్తాం గానీ ఈ అద్భుతం చెప్పం. లిట్మస్ కాగితం చూపించే రోజే ఇదీ చెప్పొచ్చు.

కాబట్టి ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. రెండు బందరు లడ్డూలు ఒకేసారి తినడం కన్నా, ఒక్క లడ్డూని సాయంత్రమంతా చిదుపుకుంటూ తినడమే పళ్ళకు ఎక్కువ చేటు. కట్టుకోవడానికి పంటికి ఖాళీ దొరకదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే రాత్రి తోమడం తప్పనిసరి, తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు.

బెజవాడ ఎండలో తాగే నిమ్మకాయ సోడాకు బాక్టీరియా సాయం కూడా అక్కర్లేదు, ఆమ్లం నేరుగా పంటికే తగులుతుంది. రాగి చెంబుకి చింతపండు పట్టించి రుద్దితే కిలుము ఎంత సులువుగా వదులుతుందో చూశారుగా. పులుపుకి మెత్తబడ్డ ఎనామిల్ కూడా బ్రష్ కింద అలాగే ఊడొస్తుంది. వెంటనే నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోమండి.

ఇక పేస్టు. ఫ్లోరైడ్ ఉన్నదే కొనండి, ట్యూబు మీద పీపీఎం అంకె (పది లక్షల పాళ్ళలో ఫ్లోరైడ్ ఎన్ని పాళ్ళో చెప్పేది) చూడండి. హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం పీహెచ్ సుమారు 4.5కి దిగేదాకా తట్టుకుంటుంది. అందుకే నురగ ఉమ్మేసి ఊరుకోవాలి. చెంబుడు నీళ్ళు పోసి పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ అంతా కాలవపాలు. పల్నాడు, ప్రకాశం ఊళ్ళ బోరునీళ్ళు చూసినవాళ్ళకి ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం, అది న్యాయమైన భయమే. కానీ అక్కడివాళ్ళ పళ్ళ మీద కనిపించే మచ్చలు, పళ్ళు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా కడుపులోకి వెళ్ళడం వల్ల వచ్చినవి. పసివాళ్ళు పేస్టు మింగేస్తారు కాబట్టి మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు.

తోమే పద్ధతి చిన్నదే. మెత్తటి బ్రష్‌ని చిగురు అంచుకి ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు.

ఇక మీ అబ్బాయి దవడ పళ్ళ సంగతి. వాటి మీది గాళ్ళు కొన్ని బ్రష్ కుచ్చులోని పోగు కన్నా సన్నం. ఎంత శ్రద్ధగా తోమినా అక్కడి పాచి అందదు. పుచ్చినవాటికి ఆలస్యం చేయకుండా వైద్యం చేయించండి. పుచ్చని దవడ పళ్ళ గాళ్ళను సీలెంట్‌తో (గాళ్ళను కప్పే పలచటి పూతతో) మూసేయవచ్చేమో కూడా అప్పుడే డాక్టరుగారిని అడగండి.