కార్జపు జలగలు: రైతుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో పశువైద్యం చేస్తున్నాను. సంక్రాంతి దాటి చెరువులు తగ్గుముఖం పట్టాక ఏటా ఒకే రకం పశువులు కనిపిస్తాయి. మేత తింటున్నా చిక్కిపోతుంటాయి, పాలు తగ్గిపోతాయి, దవడ కింద సంచిలా నీరు దిగుతుంది. చాలావాటిలో కారణం కార్జపు జలగే, అంటే చెరువు జలగ కాదు, కార్జంలో (కాలేయంలో) చేరే ఆకులాంటి చదును పురుగు. అయితే అది పశువు కడుపులోకి వెళ్ళింది నిన్నామొన్నా కాదు, నెలల కిందట. ఈ సంగతి తెలియకే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

అపోహ: “దవడ కింద వాపొచ్చింది బాబూ, గొంతువాపే. వాతలు పెట్టించేశాం.”

ఈ రెండూ వేరువేరు జబ్బులు. గొంతువాపు బాక్టీరియా వల్ల ఉన్నట్టుండి వస్తుంది. ఒళ్ళు కాలిపోయే జ్వరం ఉంటుంది, వాపు వేడిగా, గట్టిగా ఉంటుంది, ముట్టుకుంటే పశువు ఓర్చుకోదు, గురక పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలా కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా డాక్టరును పిలవండి.

జలగల వల్ల వచ్చే వాపు నెమ్మదిగా వస్తుంది. చెయ్యి పెట్టి చూడండి. చల్లగా, మెత్తగా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, కాసేపు అలాగే ఉండిపోతుంది. పశువు నొప్పి చూపించదు, సాధారణంగా జ్వరం ఉండదు. పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి సాయంత్రానికి పెరుగుతుంది, పొద్దున్నకి కాస్త తగ్గుతుంది. కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి కనిపిస్తుంది. జలగలు పైత్యనాళాల్లో కూర్చుని రక్తం తాగుతాయి, కార్జాన్ని దెబ్బతీస్తాయి. రక్తంలో ప్రోటీన్ పడిపోయి, నీరు బయటికి ఊరి, వంగిన తలలో అన్నిటికన్నా కిందనున్న చోట చేరుతుంది. అక్కడ వాత పెడితే కార్జంలో ఉన్న జలగకు ఏమవుతుంది? చర్మం కాలి పుండవుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. అసలే నీరసించిన నోరులేని జీవికి ఇంకో బాధ తగిలించినట్టే. దయచేసి మానండి.

పొట్ట జలగలవల్లా, గొర్రెల్లో రక్తం పీల్చే గుండ్రటి పురుగులవల్లా కూడా ఇలాంటి వాపే వస్తుంది. అందుకే చూడగానే మందు కొనకుండా పేడ పరీక్ష చేయించాలి.

అపోహ: “ఆర్నెల్లకోసారి నట్టల మందు పోస్తున్నాం కదా!”

ఏ మందు? ముందు సీసా మీద పేరు చూడండి. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగులకూ గోమార్లకూ పనిచేస్తుంది కానీ కార్జపు జలగను ఏమీ చేయదు. ఫెన్‌బెండజోల్ మామూలు మోతాదులో ఈ జలగ మీద పనిచేయదు. ఆల్బెండజోల్ పెద్ద జలగల మీద, అదీ ఎక్కువ మోతాదులో పనిచేస్తుంది. చూలు కట్టిన మొదటి నెలలో దాన్ని వాడకూడదు. ఆక్సిక్లోజనైడ్ కూడా పెరిగిన జలగలకే. కార్జాన్ని తొలుచుకుంటూ పోయే పిల్ల జలగలను కూడా బాగా చంపేది ట్రైక్లాబెండజోల్. క్లోసాంటెల్‌తో మాత్రం చాలా జాగ్రత్త. గొర్రెలకు, మేకలకు బరువు చూడకుండా ఎక్కువ పోస్తే చూపు పోతుంది. పాలిచ్చే పశువుకు ఏది వాడొచ్చు, ఎన్ని రోజులు పాలు వాడకూడదు అన్నది మీ డాక్టరునే అడగండి. పక్కింటాయన సీసా మీ గేదెకు పనికిరాకపోవచ్చు.

మందు ఎంత ముఖ్యమో, వేసే సమయమూ అంతే ముఖ్యం. పేడతో పడిన గుడ్డు నీళ్ళలో రెండు మూడు వారాల్లో పొదుగుతుంది. అందులోంచి వచ్చిన పిల్లకు ఒక్క రోజులోగా నత్త దొరకాలి, లేదా చచ్చిపోతుంది. నత్త దొరికితే ఒక్క పిల్ల వందలవుతుంది. ఇందుకు సుమారు రెండు నెలలు పడుతుంది. తర్వాత అవి బయటికొచ్చి నీటి అంచు గడ్డికి, వరి కాండానికి సన్నటి గింజల్లా అతుక్కుంటాయి. పశువు ఆ గడ్డి మేశాక, అవి పెద్దవై గుడ్లు పెట్టడానికి మరో మూడు నాలుగు నెలలు. మన దగ్గర వానలు జూన్‌లో మొదలై తుపాన్లతో నవంబరు దాకా సాగుతాయి. చెరువు, గెడ్డ వెనక్కి తగ్గుతూ అంచున పచ్చగడ్డి వదిలే కాలమే అసలు ప్రమాదం. మిగతా చోట్ల మేత ఎండిపోయి పశువులన్నీ అక్కడికే చేరతాయి మరి. అందుకే వానలకు ముందు ఒకసారి, కనుమ దాటాక ఒకసారి జలగల మందు వేయమని చెబుతాను. మంద, మేత చోటు బట్టి మీ డాక్టరు ఇంకో విడత చెప్పవచ్చు.

అపోహ: “పేడ పరీక్షలో ఏమీ లేదన్నారు, ఇక టెన్షన్ లేదు.”

గుడ్లు పెట్టే వయసు రానిదే పరీక్షలో గుడ్డు కనపడదు. ఆ మూడు నాలుగు నెలలూ పిల్ల జలగలు కార్జాన్ని తొలుస్తూనే ఉంటాయి. పైగా ఈ గుడ్లు బరువైనవి. పేడను నీళ్ళలో కలిపి అడుగుకు దింపి చూసే పద్ధతిలోనే దొరుకుతాయి. ఒక్క పశువుది కాకుండా నాలుగైదింటి తాజా పేడ తీసుకెళ్ళండి.

గొర్రెల్లో అయితే ఈ దశలోనే, ఏ వాపూ లేకుండా, ఉన్నట్టుండి చావులు రావచ్చు. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో పాతిపెట్టేయకండి. శవపరీక్ష చేయిస్తే మిగతా మందను కాపాడుకోవచ్చు.

అపోహ: “వరిగడ్డి వల్లే వస్తోంది.”

ఎండి వాములో ఉన్న గడ్డితో భయం లేదు. భయమంతా పచ్చిగా, తడిగా ఉన్న మొదళ్ళతోనే. ఇండోనేషియా వరిపొలాల్లో ఇదే జాతి జలగ మీద జరిగిన పరిశోధనలో, ఈ జలగ గింజలు ఎక్కువగా కాండం కింది మూడో వంతులో, నీళ్ళలో మునిగిన భాగంలోనే కనిపించాయి. పచ్చిగడ్డి వేయాల్సొస్తే మొదళ్ళు వదిలి పైన కోయండి, లేదా మూడు రోజులు బాగా ఎండబెట్టండి. పచ్చి పేడను సాల నుంచి నేరుగా మడిలోకి తోయకండి. గత్తం కుప్పలో బాగా మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి.

అపోహ: “చెరువులో మైలుతుత్తం చల్లితే నత్తలు చచ్చి పీడ పోతుంది.”

నత్తలతోపాటు చేపలూ చస్తాయి, గొర్రెలకు ఆ రాగి విషం. కొన్నాళ్ళకు నత్తలు మళ్ళీ వస్తాయి. బాతులు నత్తలను తింటాయి, వాటిని వదలడం మేలు. అంతకన్నా మేలు తాగే నీటికి గట్టు మీద తొట్టి కట్టి, బురద అంచుకు కంచె వేయడం.

అపోహ: “జలగలున్న పశువు పాలు తాగితే మనకూ వస్తుంది.”

రాదు. ఉడికించిన కార్జం తిన్నా రాదు. కాకపోతే తనిఖీలో పాడైందని తీసేసిన కార్జాన్ని కుక్కలకు కూడా వేయకుండా పూడ్చేయాలి. మనిషికి వచ్చేది కూడా పశువుకు వచ్చిన దారిలోనే, అంటే ఆ జలగ గింజలు అంటుకున్న నీటి మొక్కలను పచ్చిగా తిన్నప్పుడు, అలాంటి నీళ్ళు కాచకుండా తాగినప్పుడు. చెరువులో కోసిన తూటికూరను ఎంత కడిగినా అవి పూర్తిగా ఊడిరావు. బాగా ఉడికించే తినండి.