సంచి మొత్తం ఎందుకు తీస్తారు?

చిరంజీవులైన పెద్దోడికి, చిన్నదానికి తాతయ్య ఆశీస్సులు.

అమ్మకు గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం అనే సంచి, తీసేస్తారని తెలిసినప్పటి నుంచి మీరిద్దరూ టెన్షన్ పడుతున్నారట. "రాళ్లు తీస్తే చాలదా, సంచి మొత్తం ఎందుకు?" అని పెద్దోడు అడిగాడని నాన్న చెప్పాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగావురా.

కుడివైపు పక్కటెముకల కింద, కాలేయాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది ఈ పిత్తాశయం. కొవ్వును అరిగించే పైత్యరసాన్ని తయారు చేసేది మాత్రం కాలేయమే. ఈ సంచి దాన్ని దాచి, చిక్కబరిచి, మనం తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా రాళ్లు కడతాయి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకైతే మీ వయసులోనే రావచ్చు.

పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి అమ్మ మెలికలు తిరిగిపోయింది కదా, రాయి సంచి మూతికి అడ్డుపడితే వచ్చే నొప్పి అదే. వీపుకు, కుడి భుజానికి పాకుతుంది. చాలామంది గ్యాస్ అనుకుని మాత్ర మింగి ఊరుకుంటారు. సంచి వాస్తే జ్వరం వస్తుంది. రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కుంటే కళ్లు పచ్చబడతాయి, క్లోమం (పాంక్రియాస్) కూడా వాయొచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. ఇలాంటి కామెర్లకు పసరు తాగుతూ రోజులు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అడ్డం తీయనిదే అవి తగ్గేదెలా?

కిడ్నీ రాళ్లకు చెప్పినట్టు నీళ్లు బాగా తాగమని అమ్మకు ఎవరో చెప్పారట. తాగిన నీళ్లు ఈ సంచిలోకి చేరి రాళ్లను కడిగెయ్యవమ్మా.

ఇక నీ ప్రశ్న. పూర్వం డాక్టర్లు సంచిని కోసి రాళ్లు మాత్రమే తీసేవారు. కొన్నాళ్లకు మళ్లీ కట్టేవి. రాళ్లు పుట్టేదే ఆ సంచిలో, దాన్నే తీసేయాలన్నాడు బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్. 1882 జులై 15న, 16 ఏళ్లుగా బాధపడుతున్న ఒకాయనకు తీసేశాడు. ఆయన కోలుకున్నాడు. గుర్రానికి, ఏనుగుకు అసలు పిత్తాశయమే లేదు, తెలుసా? అది లేకపోతే కాలేయం నుంచి రసం నేరుగా పేగులోకి పోతుంది, అంతే.

పెద్ద కోత ఉంటుందని కూడా భయపడకండి. 1985లో జర్మనీలోనే ఎరిక్ ముయె చిన్న రంధ్రాల గుండా ఈ ఆపరేషన్ చేసి చూపించాడు. తోటి సర్జన్లు మొదట ఆయన్ను కొట్టిపారేశారు. ఇప్పుడు ఎక్కువమందికి చేసేది ఆ రకం ఆపరేషనే. మత్తు ఇచ్చి, పొట్టలోకి గ్యాస్ నింపి, కెమెరాలో చూస్తూ సంచి నాళానికి, రక్తనాళానికి క్లిప్పులు వేసి బయటికి తీస్తారు. వాపు మరీ ఎక్కువగా ఉంటే పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు.

రాళ్లున్న ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. స్కానింగ్‌లో కనబడినా, ఏ బాధా లేకపోతే చాలామందిని ఊరికే గమనిస్తారు. అమ్మకు నొప్పి మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టే డాక్టరు చేయించుకోమన్నారు.

ఇంటికొచ్చాక భుజం లాగుతోందంటే కంగారు పడకండి, పొట్టలో మిగిలిన గ్యాస్ వల్ల అలా ఉంటుంది. ఇంట్లోనే మెల్లగా నడిపించండి. కొన్నాళ్లు వేపుళ్లు తగ్గించమనండి. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా నాన్నకు చెప్పి ఆసుపత్రికి ఫోన్ చేయించండి.

మీ తాతయ్య