స్కైడైవింగ్ ఏ దారిలో మొదలుపెట్టాలి: అపోహలు - వాస్తవాలు

కొత్తవాళ్లకి స్కైడైవింగ్ నేర్పించడం నా పని. నేర్చుకుందామని వచ్చేవాళ్లు కూర్చోకముందే అడిగేది ఒకటే: "సర్, టాండెమ్ చేయాలా, డైరెక్ట్‌గా ఏఎఫ్ఎఫ్‌లో చేరిపోవాలా?" టాండెమ్ అంటే ఇన్‌స్ట్రక్టర్ ఒంటికి మిమ్మల్ని కట్టుకుని ఒకే పారాచూట్‌తో దూకడం. ఏఎఫ్ఎఫ్ అంటే మీ పారాచూట్ మీరే వేసుకుని, ఇన్‌స్ట్రక్టర్లు పక్కన పట్టుకుని ఉండగా దూకి నేర్చుకునే కోర్సు. స్టాటిక్ లైన్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో విమానానికి కట్టిన తాడే పారాచూట్‌ని తెరుస్తుంది. ఆ అడగడంలోనే ఒక లెక్క వినిపిస్తుంది. టాండెమ్ పిరికివాళ్లకి, స్టాటిక్ లైన్ పాతకాలం వాళ్లకి, ఏఎఫ్ఎఫ్ గుండె ఉన్నవాళ్లకి అని. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, దాన్ని నమ్మి తమకి సరిపడని దారిలో చేరి, నాలుగు జంప్‌లకే మానేసి వెళ్లిపోయినవాళ్లని చాలామందినే చూశాను. వాళ్లలో పిరికివాళ్లు ఎవరూ లేరు. అందుకే ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని పట్టుకుని, ఏది నిజమో రాస్తున్నా.

అపోహ: ముందు టాండెమ్ చేయకపోతే కోర్సులోకి రానివ్వరు

చాలాచోట్ల అలాంటి రూలేం లేదు. ఒక రోజంతా నేల మీద క్లాసు, సాధన పూర్తిచేసి నేరుగా ఏఎఫ్ఎఫ్ మొదటి జంప్‌కి విమానం ఎక్కొచ్చు. కొన్ని కేంద్రాలు మాత్రం ఒకటో రెండో టాండెమ్‌లని కోర్సులో భాగంగా పెట్టుకుంటాయి. అలాంటప్పుడు అది ఉత్త సరదా జంప్ కాదు. చేతికి ఆల్టీమీటర్ కడతారు, దారిలో ఎత్తు మీరే చదవాలి, పారాచూట్ తెరిచే హ్యాండిల్ ఉన్నచోట చెయ్యి పెట్టి చూపించాలి, పారాచూట్ తెరుచుకున్నాక దాన్ని తిప్పే టాగుల్స్ కూడా మీ చేతికిస్తారు. బుక్ చేసేటప్పుడే "ఇది కోర్సులో లెక్కలోకి వస్తుందా?" అని అడగండి, లేకపోతే అదే జంప్‌కి రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది.

రూలు లేకపోయినా ఒక టాండెమ్ చేసి రమ్మనే నేను చెప్తాను. దానికి కారణం ధైర్యం కాదు, బుర్ర. మొదటిసారి విమానం వదిలాక కొన్ని సెకన్ల పాటు బుర్ర పనిచేయడం మానేస్తుంది. గాలి హోరు, వెలుతురు, కింద నేల, అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. నా స్టూడెంట్ ఒకాయన నేల మీద అడిగిన ప్రతి ప్రశ్నకీ టకటకా జవాబు చెప్పాడు. బయటికి దూకాక చూస్తే కాళ్లు మడిచి పిర్రలకి ఆనించేసుకున్నాడు. నేను పక్కనే పట్టుకుని రెండు వేళ్లు చాపి చూపించాను. కాళ్లు చాపమని సైగ అది, పొద్దున్నుంచి ఇరవై సార్లు చెప్పుకున్నదే. నన్ను చూసి హాయిగా నవ్వాడు. మళ్లీ చూపించాను, ఇంకా పెద్ద నవ్వు. కాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. దిగాక అడిగితే, "మీరు విక్టరీ సింబల్ చూపిస్తున్నారనుకున్నా సర్" అన్నాడు. తెలివి తక్కువవాడేం కాదు, అంతకుముందు ఒక్కసారి కూడా ఆ హోరులోకి వెళ్లలేదు, అంతే. టాండెమ్ చేసి వచ్చినవాళ్లకి ఆ మొదటి గందరగోళం కాస్త ముందే తీరిపోయి ఉంటుంది.

అపోహ: ఏఎఫ్ఎఫ్ అంటే ఏడు జంప్‌లు, ఆ తర్వాత మనం స్కైడైవర్

యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్ అన్న పేరు చూసి, తొందరగా అయిపోయే కోర్సు అనుకుంటారు. ఆ తొందర ఫ్రీఫాల్ గురించి, అంటే పారాచూట్ తెరిచేదాకా గాల్లో పడటం గురించి. పాత పద్ధతిలో మెట్టు మెట్టుగా చాలా జంప్‌ల తర్వాత దొరికే పొడవాటి ఫ్రీఫాల్ ఇందులో మొదటి రోజే దొరుకుతుంది. ఒక్కో జంప్‌ని ఒక్కో లెవెల్ అంటారు. మామూలుగా మొదటి మూడు లెవెల్స్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరో పక్కా పట్టుకుని దూకుతారు, నాలుగో లెవెల్ నుంచి ఒక్కరే ఉంటారు. పారాచూట్ మాత్రం మొదటి జంప్ నుంచే మీ వీపు మీదదే, తెరవాల్సిందీ దించుకోవాల్సిందీ మీరే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 13,000 అడుగుల్లో దూకి, 5,500 దగ్గర తెరిచారనుకోండి. పది, పన్నెండు సెకన్లలో వేగం గంటకి దాదాపు 190 కిలోమీటర్లకి చేరుతుంది, అక్కడినుంచి ప్రతి వెయ్యి అడుగులకీ ఐదున్నర సెకన్లు. మొత్తం ఫ్రీఫాల్ ముప్పావు నిమిషం. ఏడు జంప్‌లు కలిపితే ఐదు నిమిషాల చిల్లర. కారు నడపడం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుందంటే నమ్ముతారా? అమెరికాలో అక్కడి స్కైడైవింగ్ సంఘం యుఎస్‌పీఏ ఇచ్చే మొదటి లైసెన్స్‌కి ('ఏ' లైసెన్స్ అంటారు) కనీసం 25 జంప్‌లు కావాలి. బ్రిటన్‌లో ఎనిమిది లెవెల్స్ అయ్యాక ఇంకో పది జంప్‌లు ఒంటరిగా చేయాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు లెవెల్స్ ప్యాకేజీ రేటు చూసి ఆగిపోకండి, లైసెన్స్ దాకా అయ్యే జంప్‌లు, రిపీట్ చేయాల్సి వస్తే కట్టాల్సింది, అద్దె గేర్, అన్నీ కలిపి చూసుకోండి.

అపోహ: స్టాటిక్ లైన్ కాలం చెల్లిన పద్ధతి

ఈ మాట వింటే నాకు కాస్త ఒళ్లు మండుతుంది. స్టాటిక్ లైన్ అనగానే జనానికి గుండ్రటి పారాచూట్‌లు, సైనికులు గుర్తొస్తారు. ఇప్పుడు స్టూడెంట్లు వాడేది ఏఎఫ్ఎఫ్ వాళ్లు వాడేలాంటి పెద్ద చదరపు పారాచూటే. తేడా అంతా తెరుచుకోవడంలో ఉంది: విమానానికి కట్టిన తాడు మీరు దూకగానే పారాచూట్‌ని తెరుస్తుంది. దీనికి అన్నదమ్ముల్లాంటిది ఐఏడీ, అందులో తాడు బదులు ఇన్‌స్ట్రక్టర్ మీ పైలట్ చూట్‌ని (పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే చిన్నది) చేత్తో పట్టుకుని, మీరు వదలగానే గాల్లోకి విసురుతాడు. దూకేది దాదాపు 3,500 అడుగుల నుంచి. ఫ్రీఫాల్ ఉండదు, నాలుగైదు సెకన్లు లెక్కపెట్టేలోపు పైన పారాచూట్ ఉంటుంది.

తర్వాత డమ్మీ పుల్స్. తాడే పారాచూట్‌ని తెరుస్తుంది గానీ, మీరు నిజంగా లాగుతున్నట్టే ఉత్తుత్తి హ్యాండిల్ లాగి చూపించాలి. అవి వరసగా మూడు బాగా వస్తే నాలుగోసారి నిజంగానే మీ చేత్తో తెరుస్తారు. ఆపైన ఐదు సెకన్ల ఫ్రీఫాల్, పది సెకన్లు, అలా పైకి. నెమ్మదే, ఒప్పుకుంటా. పైగా వదలగానే పారాచూట్ తెరుచుకుంటుంది కాబట్టి తలుపు దగ్గర ఒళ్లు సరిగ్గా విల్లులా వంచకపోతే సర్దుకునే టైముండదు. కానీ ఒక్కసారి ఒక్క పనే నేర్చుకుంటే బాగా పట్టుబడేవాళ్లు, అన్నీ ఒకేసారి మీదపడితే కంగారుపడేవాళ్లు ఉంటారు, వాళ్లకి ఇది బంగారం లాంటి దారి. విమానం అంత పైకి ఎక్కనక్కర్లేదు కాబట్టి ఒకే రోజులో రెండు, మూడుసార్లు దూకడం కూడా కుదరొచ్చు. లైసెన్స్ కార్డు మీద ఏ దారిలో వచ్చారో ఎవరూ చూడరు.

మరి ఏది ఎంచుకోవాలి?

క్యాలెండర్ తీయండి. వచ్చే రెండు నెలల్లో ఎన్ని రోజులు నిజంగా రాగలరో లెక్కపెట్టండి, అందులోంచి మబ్బుకీ గాలికీ సగం తీసేయండి. ఇది ఎగతాళికి అనట్లేదు, నేల మీద గాలి గంటకి 14 మైళ్లు దాటితే యుఎస్‌పీఏ రూలు ప్రకారం సోలో స్టూడెంట్లని దూకనివ్వరు, సీనియర్లు ఎక్కి దూకుతుంటే మీరు కుర్చీలో కూర్చుని గాలి ఎటు వీస్తుందో చూపే గాలిసంచీ వైపు చూస్తూ ఉండాల్సిందే. వరసగా ఒక వారం, పది రోజులు ఖాళీ చేసుకోగలిగితే ఏఎఫ్ఎఫ్ బ్రహ్మాండంగా సాగుతుంది. కేంద్రం దగ్గర్లో ఉండి ప్రతి వారాంతం రాగలిగితే ఏదైనా సరే, స్టాటిక్ లైన్ కూడా హాయిగా నడుస్తుంది. నెలకోసారి వస్తానంటే మాత్రం, కొన్నాళ్లు ఆగి సెలవులు కూడబెట్టుకుని రమ్మంటాను.

నా కథే చెప్తాను. మూడో లెవెల్ పాసయ్యి, ఉద్యోగంలో పడి మూడు నెలల తర్వాత వెళ్లాను. అప్పటి కేంద్రంలో పావుగంట రివిజన్ చేయించి నాలుగో లెవెల్‌కి ఎక్కించేశారు. నేనూ అంతా గుర్తుందనే అన్నాను. దూకాక ఆల్టీమీటర్ చూశాను, 9,000. మళ్లీ చూశాను, ముల్లు కనిపించింది గానీ అంకె బుర్రలోకి వెళ్లలేదు. ఇన్‌స్ట్రక్టర్ చూపుడువేలు మొహం ముందు పెట్టి ఊపాక గానీ లాగలేదు. ఆ లెవెల్ మళ్లీ చేశాను, నిజానికి రెండుసార్లు. ముప్పై రోజులు దాటి గ్యాప్ వస్తే స్టూడెంట్‌కి మళ్లీ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో జంప్ కావాలనేది అందుకే. ఆ రోజు నేనే "ఇవాళ వద్దు" అనాల్సింది.

అపోహ: విండ్ టన్నెల్‌లో గంటలు గంటలు ఎగిరితే చాలు

టన్నెల్ అంటే కింది నుంచి జోరుగా వచ్చే గాలి మీద తేలే గొట్టం లాంటి గది. అది మంచిదే. ఒళ్లు ఎలా పెట్టాలో అంత బాగా నేర్పేది ఇంకోటి లేదు, రెండు నిమిషాలు ఎగిరినా రెండు జంప్‌ల ఫ్రీఫాల్ కంటే ఎక్కువే. అయితే అక్కడ ఎత్తు తగ్గదు. ఎత్తు చూసుకోవడం, టైముకి లాగడం, విమానం వదలడం, దిగడం, ఇవేవీ అందులో లేవు. టన్నెల్ నుంచి వచ్చినవాళ్లు ఒక్కోసారి అంత హాయిగా ఎగురుతారు, ఎత్తు చూసుకోవడమే మర్చిపోతారు.

అపోహ: అసలు కష్టం ఫ్రీఫాల్, పారాచూట్ తెరుచుకుంటే గట్టెక్కినట్టే

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఫ్రీఫాల్ ముప్పావు నిమిషం అనుకున్నాం కదా, పారాచూట్ కింద ఉండేది నాలుగైదు నిమిషాలు, ఒంటరిగా. యుఎస్‌పీఏ లెక్క ప్రకారం 2023లో అమెరికాలో దాదాపు 36.5 లక్షల జంప్‌లు జరిగితే 10 మంది చనిపోయారు. మొత్తంగా చూస్తే చాలా తక్కువే. కానీ ఏళ్ల తరబడి చూస్తే ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో పెద్ద భాగం, పారాచూట్ శుభ్రంగా తెరుచుకున్న తర్వాత దిగేటప్పుడు జరిగినవే. నేలకి దగ్గరగా వచ్చాక అడ్డమేదో కనిపించి కంగారుగా ఒక టాగుల్ లాగేస్తే పారాచూట్ తిరుగుతూ కిందికి దూసుకుపోతుంది.

"ఏఏడీ ఉందిగా సర్" అంటారు. దానంతటదే పారాచూట్ తెరిచే పరికరం అది. ఉంది. 750 అడుగుల దగ్గర కూడా ఇంకా వేగంగా పడిపోతూ ఉంటే అది రిజర్వ్‌ని, అంటే అత్యవసరానికి ఉంచిన రెండో పారాచూట్‌ని తెరుస్తుంది, ఎంతోమందిని కాపాడింది. మీరు తప్పుగా మలుపు తిప్పితే దానికేం తెలుస్తుంది? రేడియోలో ఇన్‌స్ట్రక్టర్ చెప్తూ ఉంటాడు, నిజమే, కానీ బ్యాటరీ కూడా అయిపోతుంది. వెయ్యి అడుగుల్లో ఎక్కడుండాలి, 600లో ఎటు తిరగాలి, 300లో గాలికెదురుగా ఎలా రావాలి అన్నది ఎక్కకముందే బుర్రలో ఉండాలి. పారాచూట్ బాగోకపోతే 2,500 అడుగుల్లోపు తేల్చుకోవాలి (ఎర్ర హ్యాండిల్ పాడైన పారాచూట్‌ని వదిలేస్తుంది, రెండోది రిజర్వ్‌ని తెరుస్తుంది): ఎర్రది చూడు, ఎర్రది పట్టు, రెండో హ్యాండిల్ చూడు, ఎర్రది లాగు, రెండోది లాగు. హార్నెస్‌లో వేలాడదీసి ఇది విసుగొచ్చేదాకా చేయించాలి. ఈ భాగాన్ని అరగంటలో తేల్చేసే కేంద్రమైతే, వాళ్ల విమానం ఎంత కొత్తదైనా నేనైతే చేరను.

మిగతావి తొందరగా చెప్పేస్తా. ఎత్తంటే భయం ఉన్నవాళ్లు పనికిరారు అనేది తప్పు, అంత పైనుంచి నేల మ్యాప్‌లా కనిపిస్తుంది, మేడ అంచున నిలబడితే వచ్చే భయం చాలామందికి అక్కడ రాదు. కడుపులో తిప్పేస్తుందన్నదీ అంతే, విమానం అప్పటికే వేగంగా వెళ్తుంటుంది కాబట్టి రోలర్ కోస్టర్ మీంచి పడినట్టు ఉండదు. బరువుకి పరిమితి ఉంది, అది మీ ఫిట్‌నెస్ మీద తీర్పు కాదు, గేర్ మోయగలిగే లెక్క, మీతో సమానంగా పడగలిగే ఇన్‌స్ట్రక్టర్ దొరకాలన్న లెక్క. సన్నగా ఉండే ఇన్‌స్ట్రక్టర్లు దానికోసం నడుముకి బరువులు కట్టుకుంటారు కూడా. లెవెల్ రిపీట్ అయితే పరువేం పోదు, నాకే రెండుసార్లు అయిందని చెప్పాను కదా.

కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు రేటు ఒక్కటే అడిగి పెట్టేయకండి. గ్రౌండ్ క్లాసులో ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది ఉంటారు, వాతావరణం బాగోకపోతే కట్టింది ఏమవుతుంది, ఒకే ఇన్‌స్ట్రక్టర్ చివరిదాకా ఉంటాడా, రోజుకో కొత్త మనిషా, లెవెల్స్ అయ్యాక లైసెన్స్ దాకా ఎవరు చూసుకుంటారు, ఇవి అడగండి. వీలైతే ఒక రోజు ఊరికే వెళ్లి స్టూడెంట్లు దిగే చోట గంటసేపు కూర్చోండి. దిగిన ప్రతివాడి దగ్గరికీ ఇన్‌స్ట్రక్టర్ వచ్చి, పుస్తకం తెరిచి, ఏం జరిగిందో మాట్లాడి రాస్తున్నాడా, లేక చప్పట్లు కొట్టి తర్వాతి విమానానికి పరిగెడుతున్నాడా అన్నది చూడండి.