పాత మోటర్‌హోమ్ బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మనవాళ్లు ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో ఒక్కసారి మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని వెళ్లొస్తే చాలు, మరుసటి వారం నుంచే అమ్మకాల ప్రకటనలు చూడటం మొదలుపెడతారు. పదిహేను, ఇరవై ఏళ్ల నాటి క్లాస్-సి (ట్రక్కు లేదా వ్యాను చాసీ మీద ఇల్లు కట్టిన రకం) బండి ఒకటి కొత్తదాని ధరలో నాలుగో వంతుకే కనిపిస్తుంది. ఇక సలహాలకు కొదవుండదు. కొందరు కారు లెక్క చెబుతారు, కొందరు ఇంటి లెక్క చెబుతారు. మోటర్‌హోమ్‌కి రెండూ సగం సగమే పనికొస్తాయి.

అపోహ: తక్కువ మైళ్లు తిరిగిన బండే మంచిది.

ఇరవై ఏళ్లలో 18 వేల మైళ్లే తిరిగిందంటే, ఆ బండి ఎక్కువ కాలం ఎండలోనో మంచులోనో కదలకుండా నిలబడిందన్నమాట. నిలబడిన బండికి జరిగే నష్టం ఓడోమీటర్‌లో కనపడదు.

ముందు టైర్లు చూడండి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలే తయారీ తేదీ. 2318 అని ఉంటే 2018లో 23వ వారం. చాలాసార్లు ఆ అంకెలు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి, బండి కిందికి దూరి టార్చి వేసి చూడాల్సిందే. వెనక జంట చక్రాల్లో లోపలి టైరుదీ చూడాలి, మోసం తరచుగా అక్కడే ఉంటుంది. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటితే మార్చేయడమే. ఎండకీ ఓజోన్‌కీ రబ్బరు పక్కల పగుళ్లిస్తుంది, బరువుతో హైవే మీద వెళ్తుండగా పేలుతుంది. పేలిన టైరు ముక్కలు చక్రం పైనున్న గోడనీ, ఒక్కోసారి గ్యాసు గొట్టాన్నీ చీల్చేస్తాయి. ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన బండికి ఆరు టైర్లు పడతాయి. ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు ముందే తీసేసి మాట్లాడండి.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి మార్చకపోతే లోపల తుప్పు పట్టి క్యాలిపర్ పిస్టన్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) ఇరుక్కుపోతుంది. ఇరవై మైళ్లు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో చక్రం వేడి చూడండి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకీ తేడా బాగా ఉంటే వేడిగా ఉన్నచోట బ్రేకు వదలడం లేదని అర్థం.

జెనరేటర్‌దీ అదే కథ. ఓనన్ కంపెనీ 4000 వాట్ల మోడల్‌ని నెలకోసారి సగం లోడు మీద, అంటే ఏసీ ఒకటి వేసి, రెండు గంటలు నడపాలి. ఇరవై ఏళ్ల బండిలో గంటల మీటరు 60 చూపిస్తుంటే సంబరపడకండి. కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. స్టార్ట్ అయినా ఎగుడుదిగుడుగా ఊగుతుంది.

ఫోర్డ్ 6.8 లీటర్ల వీ10 ఇంజిన్ ఉన్న పాత బండ్లకి రెండు తెలిసిన జబ్బులున్నాయి. మొదటి తరం సిలిండర్ హెడ్లలో స్పార్క్ ప్లగ్‌ని పట్టి ఉంచే మర చుట్లు తక్కువ కావడంతో ప్లగ్ ఊడి ఎగిరిపోతుంది. ఇంజిన్ పొగని పోగుచేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు తుప్పుకి విరుగుతాయి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని వినిపిస్తుంది. రెండూ బాగయ్యేవే. బేరానికి పనికొస్తాయి తప్ప బండి వదులుకోవడానికి కారణాలు కావు.

ఏటా నాలుగైదు వేల మైళ్లు తిరిగి, ప్రతి పనికీ రసీదున్న బండి దొరికితే ఓడోమీటర్ 80 వేలు చూపించినా దాన్నే ఎంచుకోండి.

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి బాగున్నట్టే.

డబ్బు ఎక్కువగా పోయేది ఈ నమ్మకం దగ్గరే. ఇంజిన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు, ఫ్రిజ్ మార్చొచ్చు. నీళ్లు తాగిన గోడని మార్చడమంటే బండిని మళ్లీ కట్టడమే. పాత మోటర్‌హోమ్ కొనదగినదా కాదా అనేది తేల్చేది చెమ్మ ఒక్కటే. పొడిగా ఉంటే మిగతావన్నీ విడిభాగాల లెక్క.

చాలా బండ్ల గోడ ఒక పొరల అట్ట: బయట ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక పల్చటి ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, లోపల మళ్లీ ప్లైవుడ్. అన్నీ జిగురుతో అంటించినవే. నీళ్లు చేరితే జిగురు విడిపోయి బయటి రేకు ఉబ్బుతుంది. మధ్యాహ్నపు ఎండలో ఎదురుగా నిలబడి చూస్తే ఈ ఉబ్బు దొరకదు. చీకటి పడ్డాక టార్చిని గోడకి ఆనించి పక్కవాటుగా వెలుగు వేయండి, బుడగలు నీడలుగా కనిపిస్తాయి.

క్లాస్-సిలో డ్రైవర్ తల పైన ముందుకు పొడుచుకొచ్చిన పడక గూడు ఉంటుంది కదా, లీకులకి మొదటి స్థానం దానిదే. పరుపు ఎత్తి మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే అక్కడితో ఆపేయొచ్చు. పై అల్మారాల్లో వెనక మూలలు, కిటికీల కింది అంచులు, షవర్ పక్క గోడ, వెనక బంపర్ దగ్గర నేల కూడా నొక్కి చూడాలి. సూదులున్న మాయిశ్చర్ మీటర్ హార్డ్‌వేర్ షాపులో చవకగా దొరుకుతుంది. చెక్కలో 15 శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. 20 దాటితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాలి. 30 చూపిస్తే కుళ్లు మొదలైందనే అనుకోండి. కొత్తగా రంగు వేసిన ఒక్క మూల, కొత్తగా స్టిక్కర్ అంటించిన ఒక్క గోడ కనిపిస్తే మీటర్ ముందు అక్కడే పెట్టండి.

కొన్నాక పైకప్పు సీలింగ్ మీరే చేసుకోవచ్చు. తప్పు జరిగేది సామాను ఎంపికలో. సిలికోన్ మాత్రం వాడకండి. ఆరిన సిలికోన్ మీద తర్వాత ఏదీ అంటదు, కొత్త సిలికోన్ కూడా అంటదు. చదునుగా ఉన్న చోట తనంతట తాను పరుచుకునే ల్యాప్ సీలెంట్ వేయాలి, డైకోర్ కంపెనీది ఎక్కువమంది వాడతారు. నిలువు అంచులకి జారిపోని రకం వేరే ఉంటుంది. వెంట్ (పైకప్పులో గాలి పోయే కిటికీ) విప్పి మళ్లీ బిగించే పనైతే ఇలా: మరలు తీసి, పాత జిగురుని ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఆల్కహాల్‌తో తుడవాలి. అంచు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వేసి మరలు బిగిస్తే పక్కలకి కాస్త పొంగుతుంది, పొంగినది కోసేయాలి. పైన మరలతో సహా అంచంతా మునిగేలా సీలెంట్ పోయాలి. ఒక వెంట్‌కి దాదాపు ఒక ట్యూబు, 25 అడుగుల బండి పైకప్పు మొత్తానికి ఎనిమిది నుంచి పది పడతాయి. ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే పని వాయిదా వేయండి. పైకప్పు రబ్బరుదైతే పెట్రోలియం కలిసిన క్లీనర్లు తగలనివ్వొద్దు, ఉబ్బిపోతుంది. ఇంత చేశాక కూడా ఆరు నెలలకోసారి నిచ్చెన ఎక్కి చూడాల్సిందే. పగులు వేలిగోరంత ఉన్నప్పుడు ఒక ట్యూబుతో పోతుంది.

లీకు ఎక్కడో తెలియకపోతే, కొన్ని సర్వీసు షాపుల్లో వెంట్ దగ్గర బ్లోయర్ బిగించి లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, బయట సబ్బు నీళ్లు చల్లుతారు. బుడగ వచ్చిన చోటే కన్నం.

అపోహ: కొత్తది కొంటే నాలుగైదేళ్లు చింత ఉండదు.

కొత్త మోటర్‌హోమ్‌కి ఒక వారంటీ ఉండదు, అరడజను ఉంటాయి. ఫోర్డ్ చాసీకి (చక్రాలూ ఇంజిన్ ఉన్న కింది భాగానికి) 3 ఏళ్లు లేదా 36 వేల మైళ్లు, ఇంజిన్-గేర్‌బాక్స్‌కి 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లు. ఇల్లు భాగానికి చాలా కంపెనీలు ఇచ్చేది ఒక్క ఏడాదే. ఫ్రిజ్, ఏసీ, జెనరేటర్ ఎవరి కంపెనీ వాళ్లది. ఇంజిన్ దీపం వెలిగితే ట్రక్కులు బాగుచేసే ఫోర్డ్ డీలర్ దగ్గరికి, సింకు కింద నీళ్లు కారితే ఆర్వీ (మోటర్‌హోమ్ లాంటి బండ్లకి అమెరికా పేరు) డీలర్ దగ్గరికి తిరగాలి. వేసవిలో సర్వీసుకి ఇచ్చిన బండి వారాల తరబడి అక్కడే ఉండటం మామూలే. లోపమున్న వాహనాన్ని వెనక్కి తీసుకునేలా చేసే చట్టాలు రాష్ట్రానికో రకం. చాలాచోట్ల మోటర్‌హోమ్ విషయంలో చాసీ వరకే వర్తిస్తాయి, ఇల్లు భాగాన్ని పట్టించుకోవు.

బిగించని పైపు జాయింటు, చెక్కకి తగలకుండా పోయిన మర, సీలెంట్ వేయని మూల, ఇవన్నీ కొత్త బండిలో మొదటి సంవత్సరమే బయటపడతాయి. అందుకే కొత్తది తీసుకున్నవాళ్లు మొదటి రెండు రాత్రులూ డీలర్‌కి దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లోనే గడపడం మంచిది. ప్రతి కుళాయీ, ప్రతి స్విచ్చీ, హీటర్, ఫ్రిజ్ అన్నీ వాడి చూసి జాబితా రాసుకోండి.

ఇంకో సంగతి బరువు. 2008 నుంచి వచ్చిన మోటర్‌హోమ్‌ల తలుపు దగ్గర, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు ఎక్కించవచ్చో చెప్పే స్టిక్కర్ ఉంటుంది. ఉదాహరణకి 1,300 అని ఉందనుకోండి. 40 గ్యాలన్ల నీళ్లు నింపితే గ్యాలన్‌కి 8.3 చొప్పున 332 పౌండ్లు. నలుగురు మనుషులు 600. మిగిలింది 368. అందులోనే బియ్యం బస్తా, గ్రైండర్, సైకిళ్లు, కుర్చీలు, ఊళ్లోంచి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసులు. షోరూమ్‌లో మెరిసే బండి కొన్నిసార్లు ఈ లెక్కలోనే ఓడిపోతుంది. పాతదైనా కొత్తదైనా, సామాను ఎక్కించాక హైవే పక్క ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ మీద ఇరుసుల వారీగా తూకం వేయించండి. టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకి ఎంత గాలి కావాలో చూసి నింపండి.

ధర బాగా పడిపోయేది మొదటి రెండు మూడేళ్లలో. లోను మాత్రం 15, 20 ఏళ్లు సాగుతుంది. మధ్యలో అమ్మాల్సి వస్తే వచ్చే డబ్బు కంటే కట్టాల్సిన బాకీ ఎక్కువుంటుంది. స్క్రూడ్రైవర్ పట్టే ఓపికా తీరికా లేనివాళ్లకి, కొత్త భద్రతా సౌకర్యాలు కావాల్సినవాళ్లకి కొత్తదే సరైనది, కాదనను. ఏడాదికి రెండు వారాలే వాడేవాళ్లకి రెండూ దండగే, అద్దెకు తీసుకోవడం నయం.

అపోహ: లిథియం బ్యాటరీ వేసేస్తే కరెంటు బాధ తీరిపోతుంది.

100 ఆంప్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1.28 యూనిట్లుంటాయి, అందులో ఎక్కువ భాగం వాడుకోవచ్చు. అదే సైజు లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి. ఇంతవరకూ నిజమే. కానీ పాత బండిలో ఉన్న కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసేది) 13.8 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది, లిథియంకి 14.2 నుంచి 14.6 కావాలి. బ్యాటరీతో పాటు కన్వర్టర్ కూడా మార్చాలి. నడుస్తున్నప్పుడు ఖాళీ లిథియం బ్యాటరీ ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో, లాగే కరెంటుని అదుపులో ఉంచే 30 లేదా 40 ఆంప్‌ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువలో, లిథియంని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. లోపల హీటర్ ఉన్నదైనా కొనాలి, బ్యాటరీని బండి లోపలైనా పెట్టాలి.

2,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడులో 12 వోల్టుల వైపు 180 ఆంప్‌లకి పైగా లాగుతుంది. సన్న వైరు వేస్తే వేడెక్కేది వైరే. 2/0 సైజు రాగి కేబుల్, దూరం వీలైనంత తక్కువ, బ్యాటరీకి ఏడు అంగుళాలలోపు 250 ఆంప్ క్లాస్-టి ఫ్యూజు వేయాలి. పైన 400 వాట్ల సోలార్ ఉంటే ఎండాకాలంలో రోజుకి ఒకటిన్నర యూనిట్లు వస్తాయి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే యూనిట్ దాకా తింటుంది. మిగిలినదాంట్లో ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పూ అన్నం ఉడుకుతాయి. ఏసీ మాత్రం మర్చిపోండి.

అపోహ: 30 ఆంప్ ప్లగ్ అంటే ఇంట్లో డ్రయ్యర్ ప్లగ్ లాంటిదే.

ఈ పొరపాటుతో బండి నిమిషంలో పాడవుతుంది. ఇంటి దగ్గర ఆర్వీకి ప్లగ్ పెట్టించేటప్పుడు మూడు కాళ్లూ 30 ఆంప్‌లూ చూసి కొందరు ఎలక్ట్రీషియన్లు 240 వోల్టులు ఇచ్చేస్తారు. మోటర్‌హోమ్ 30 ఆంప్ సాకెట్ 120 వోల్టులదే. 240 తగిలితే కన్వర్టర్, మైక్రోవేవ్, ఫ్రిజ్ బోర్డు అన్నీ పోతాయి. 220 వోల్టులతో పెరిగిన మనకి మీటర్లో 240 కనిపిస్తే తేడాగా అనిపించదు కూడా. బండి ప్లగ్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో 120 ఉందో లేదో మీరే చూసుకోండి. 30 ఆంప్‌లంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ మూడూ కలిపి వేస్తే బ్రేకర్ పడుతుంది.

అపోహ: పదేళ్లు దాటిన బండిని క్యాంప్‌గ్రౌండ్లలోకి రానివ్వరు.

కొన్ని ప్రైవేటు పార్కులదే ఆ నియమం. అక్కడ కూడా ముందుగా ఫొటో పంపిస్తే తరచుగా ఒప్పుకుంటారు. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో వయసు గొడవ లేదు, పొడవుకే పరిమితులుంటాయి.

అపోహ: ముందు లోపల అందంగా చేసుకుని, మిగతావి మెల్లగా చూసుకోవచ్చు.

కుళ్లిన నేల మీద కొత్త వినైల్ పలకలు వేస్తే కుళ్లు ఆగదు, పైగా బరువు పెరుగుతుంది. ఖర్చుకి వరస ఇది: పైకప్పు, టైర్లు-బ్రేకులు, గ్యాసు, ఆ తర్వాత కరెంటు. పరదాలూ రంగులూ చివర్లో. గ్యాసు డిటెక్టర్‌కి ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్లు, వెనక తేదీ ఉంటుంది. దాటితే, పచ్చ దీపం వెలుగుతున్నా మార్చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్‌కీ అంతే. గ్యాసు లైనులో ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టం ఉండాలి, టెక్నీషియన్ మానోమీటర్ (ఒత్తిడి కొలిచే మీటర్) పెట్టి వాల్వు మూసి చూస్తే మూడు నిమిషాలు ముల్లు కదలకూడదు. గ్యాసు ఫ్రిజ్ వెనక పసుపు పొడి కనిపించినా, లోపల అమ్మోనియా వాసన వచ్చినా దాని కూలింగ్ యూనిట్ అయిపోయినట్టే. రీఛార్జ్ చేస్తామన్నవాళ్లని నమ్మొద్దు.

మన వంటకి ఒక మాట. పొయ్యి పైనున్న హుడ్‌కి బయట గోడ మీద చిన్న మూత ఉంటుంది, ప్రయాణంలో కొట్టుకోకుండా దానికి రెండు ప్లాస్టిక్ గొళ్లేలు. చాలామంది కొన్నప్పటి నుంచీ వాటిని తీయరు. ఫ్యాన్ మోత వస్తుంది గానీ పొగ బయటికి పోదు, పోపు నూనె అంతా పై అల్మారా లోపలికి చేరుతుంది. బండి నిలిపాక ముందు బయటికి వెళ్లి ఆ రెండు గొళ్లేలూ తిప్పి, తర్వాత పొయ్యి వెలిగించండి. బయల్దేరే ముందు మళ్లీ బిగించండి.