గస్తీ నిషాన్ 53 నుంచి యూట్యూబ్ లైవ్ దాకా

2021 నల్లగొండ-వరంగల్-ఖమ్మం పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో అధికార టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డికి చివరి దాకా చెమటలు పట్టించింది ప్రతిపక్ష పార్టీలు కాదు, యూట్యూబ్ లైవ్‌లో సర్కారును ఏకిపారేసే తీన్మార్ మల్లన్న. అదే ఏడు ఆగస్టులో అరెస్టయ్యారు, డిసెంబర్‌లో బీజేపీలో చేరారు. 2024లో అదే సీటు కాంగ్రెస్ తరఫున గెలిచారు, 2025 మార్చిలో ఆ పార్టీ సస్పెండ్ చేసింది. లైవ్‌కు జెండా రంగుతో పట్టింపు లేదు. దాన్ని ఆపే చట్టాలకూ లేదు.

మాటకు ముందే అనుమతి అడగడం ఈ నేలకు పాత ముచ్చటే. సభ పెట్టాలంటే సర్కారు ఒప్పుకోవాలని 1929లో నిజాం ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు తెచ్చాడు. ఆ నీడలోనే పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు.

అసలు మలుపు 1950 మే 26. నల్లగొండలో సాయుధ పోరాటం ఇంకా సాగుతున్న రోజులు. మద్రాసు ప్రభుత్వం నిషేధించిన వామపక్ష పత్రిక ‘క్రాస్‌రోడ్స్’, ఢిల్లీలో ముందస్తు సెన్సార్ విధించిన సంఘ్ పత్రిక ‘ఆర్గనైజర్’ రెండూ ఒకే రోజు సుప్రీంకోర్టులో గెలిచాయి. ఏడాది తిరిగేసరికి మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. వాక్‌స్వేచ్ఛకు పరిమితులు పెట్టే 19(2) అధికరణంలో ‘శాంతిభద్రతలు’, ‘నేరానికి పురికొల్పడం’ చేరాయి. ఇప్పటి కేసులన్నీ నిలబడేది ఆ మాటల మీదే.

కేసు పెట్టడం తేలిక, నిలబెట్టడమే కష్టం. వర్గాల మధ్య ద్వేషం రేపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196, మతభావాలను కావాలని గాయపరిస్తే 299. రెంటికీ మూడేళ్ల దాకా శిక్ష. 196 కింద కనీసం రెండు వర్గాలు ఉండాలి, నాయకుణ్ని తిడితే సరిపోదు. ఈ రెండు సెక్షన్లలోనూ ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు కేసును విచారణకు తీసుకోదు. అంటే ఎవరి కేసు ముందుకు కదలాలో గద్దె మీద ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటుంది. సాక్ష్యం ఇంకో తలనొప్పి. లైవ్ అయిపోగానే వీడియో తీసేస్తారు. చేతిలో స్క్రీన్‌షాట్ ఉంటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) సర్టిఫికెట్ కావాలి.

తొందరపడితే ఏమవుతుందో 2022 ఆగస్టులో తెలిసింది. ఓ వీడియోపై గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను అరెస్టు చేశారు. అరెస్టుకు ముందు విచారణకు పిలిచే 41ఏ నోటీసు ఇవ్వలేదని మేజిస్ట్రేట్ రిమాండ్‌కు ఒప్పుకోలేదు. రెండు రోజులకే పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రయోగించారు, నవంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. సస్పెండ్ చేసిన బీజేపీయే 2023లో మళ్లీ టికెట్ ఇచ్చింది, ఆయన గెలిచారు. అవతలి పక్క చూసినా అంతే: 2012 ప్రసంగాల కేసులో మజ్లిస్ నేత అక్బరుద్దీన్ ఒవైసీ 2022లో నిర్దోషిగా బయటపడ్డారు.

సర్కారు మారినా అలవాటు మారలేదు. పాలమూరు వాసి రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆయన్ను ఒక రైతు తిట్టిన వీడియోపై 2025 మార్చిలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అదే నెల 28న, ఓ కవితపై కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది: మాటలను తూచాల్సింది దృఢచిత్తుల కొలతతో, ప్రతి విమర్శలో ముప్పు చూసేవాళ్ల కొలతతో కాదు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే ఇలాంటి కేసుల్లో ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపడమే సబబనీ చెప్పింది. సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టూ సోషల్ మీడియా పోస్టులపై యాంత్రికంగా అరెస్టులు వద్దని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది.