వంతెన పూర్తి చేసిన కోడలు

కృష్ణలంక,
విజయవాడ.

చిరంజీవులైన పిల్లలకు,

నిన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ "అమ్మమ్మా, అమెరికాలో నువ్వు చూసిన వంతెన ఇంతకన్నా పెద్దదా?" అని అడిగారు. హారన్ల మోతలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

న్యూజెర్సీకి కాపురానికి వెళ్లిన కొత్తలో మీ తాతయ్య నన్ను బ్రూక్లిన్ వంతెనకి తీసుకెళ్లారు. మధ్యలో నడిచేవాళ్లకి చెక్కల బాట, దాని కింద కార్లు. అప్పటికి వారం రోజులుగా తాతయ్యతో తప్ప ఎవరితోనూ నోరు విప్పలేదు నేను. కింద నీళ్లు కనబడగానే కృష్ణమ్మే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మన బ్యారేజీకి 70 గేట్లు, అడుగడుగునా స్తంభాలు. అక్కడ రెండు రాతి బురుజుల మధ్య 486 మీటర్ల మేర కింద ఒక్క స్తంభం లేదు. ఓడలు పోవాలి కదా! నాలుగు లావుపాటి ఉక్కు తీగల మోకులు వంతెనను పట్టుకుని ఉంటాయి. ఒక్కో మోకులో 5,434 తీగలు.

దాన్ని తలపెట్టిన జాన్ రోబ్లింగ్ కూడా నాలాగే పైదేశం నుంచి వెళ్లినవాడు, జర్మనీవాడు. పని మొదలుకాకముందే, 1869లో, పడవల రేవు దగ్గర కాలు నలిగి ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ ఆ పని అందుకున్నాడు.

బురుజుల పునాది ఎలా తవ్వారో తెలుసా? గ్లాసు బోర్లించి బకెట్ నీళ్లలోకి తిన్నగా దించండి. లోపల గాలి నిలుస్తుంది, నీళ్లు పైదాకా ఎక్కవు. అలాగే అడుగు లేని పెద్ద చెక్కపెట్టెను నదిలోకి దించి, గాలిని ఒత్తి నింపి, మనుషులు లోపల నిలబడి మట్టి తవ్వారు. అయితే పైకి త్వరగా వస్తే ప్రమాదం. గోళీసోడా కొట్టగానే బుడగలు పొంగుతాయి చూడండి, ఒత్తిడి తగ్గగానే నెత్తుట్లో అలాగే బుడగలు లేస్తాయి. కూలీలు కొందరు చనిపోయారు. 1872లో వాషింగ్టన్ కూడా ఆ జబ్బుతోనే మంచం పట్టాడు.

అప్పుడు ఆ ఇంటి కోడలు ఎమిలీ ముందుకొచ్చింది. ఉక్కు ఎంత బరువు మోస్తుందో, వేలాడే తీగ ఏ వంపు తిరుగుతుందో, ఆ లెక్కలన్నీ నేర్చుకుంది. భర్త ఇంట్లో కిటికీలోంచి చూసి చెప్పినవి ఇంజనీర్లకు చేరవేసింది, వాళ్లడిగిన వాటికి తనే జవాబు చెప్పింది. అలా పదకొండేళ్లు! 1883 మే 24న వంతెన తెరిచారు. బండి మీద మొదట దాటింది ఎమిలీయే, విజయానికి గుర్తుగా కోడిపుంజును వెంట పెట్టుకుని.

బురుజు మీద ఆవిడ పేరున ఫలకం ఉంది. మామగారి పేరూ భర్త పేరూ కూడా అందులోనే ఉన్నాయి. కూడబలుక్కుంటూ నేను చదివితే తాతయ్య అర్థం చెప్పారు. తిరుగుదారిలో కళ్లు తుడుచుకోవలసిన పని పడలేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడతో నా మొదటి ఇంగ్లీషు మాటలు ఎమిలీ గురించే.

ఆదివారం రండి. బకెట్టూ గ్లాసూ సిద్ధంగా పెడతాను.

మీ అమ్మమ్మ