మధ్యాహ్నపు సున్నా, రాత్రి ఏడు గంటల బొగ్గు: ఉద్గారాలు లేని రాష్ట్రంపై అపోహలు - వాస్తవాలు

మా వీధి చివర ఉండే మాస్టారు పోయిన వేసవిలో కరెంటు బిల్లు చేత పట్టుకుని మా ఇంటికి వచ్చారు. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాక ఆ నెల బిల్లులో స్థిర ఛార్జీలు తప్ప మరేమీ పడలేదు. "మా ఇల్లు సున్నాకి వచ్చేసిందండీ, ఇక రావలసింది రాష్ట్రమే" అని సంబరపడ్డారు. వారం తిరగకముందే ఆయనే ఫోన్ చేశారు. మిట్టమధ్యాహ్నం లైను పోయిందట. నడినెత్తిన ఎండ మండిపోతున్నా, ప్యానెళ్లు నిగనిగలాడుతున్నా, ఇంట్లో ఫ్యాను మాత్రం తిరగడం లేదట. పెట్టినవాడు మోసం చేశాడేమోనని ఆయన అనుమానం. మోసమేమీ లేదు. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైను పోయిన మరుక్షణం ఆగిపోయి తీరాలి. ఆగకపోతే, లైన్లో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది.

బ్యాటరీ లేని సోలార్ ఇల్లు పగలు మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రికి కావలసినది గ్రిడ్ నుంచి తెచ్చుకుంటుంది. నెలాఖరున రెండింటినీ చెల్లుకు చెల్లు వేసి సున్నా అని రాస్తారు. ఆ సున్నా ఖాతా పుస్తకంలోదే గాని గాలిలోది కాదు. రాత్రి పది గంటలకు మాస్టారి గదిలో ఏసీ నడుస్తోందంటే, ఎక్కడో ఒక బాయిలర్‌లో ఆ మేరకు బొగ్గు మండుతున్నట్టే. మా భవానీపురం డాబాల మీద నిలబడితే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చిమ్నీల ఎర్ర దీపాలు ఆయనకూ నాకూ కనిపిస్తూనే ఉంటాయి.

నేను ఇరవై ఏళ్లకు పైగా లోడ్ డిస్పాచ్ పనిలో, అంటే ఏ వేళకు ఎంత కరెంటు కావాలో చూసి ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో చెప్పే పనిలో ఉన్నాను. మాస్టారి అపోహే, మెగావాట్ల వెనక మరిన్ని సున్నాలు చేర్చుకుని, సదస్సుల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ నాకు ఎదురవుతుంది. "ఇన్ని వేల మెగావాట్ల సోలార్ ఒప్పందాలు కుదిరాయి కదా, ఇక రాష్ట్రం ఉద్గారాలు సున్నాకు చేరినట్టే కదా" అని అడుగుతారు. మిగతా అపోహల వల్ల మహా అయితే వాదనలు పెరుగుతాయి, దీనివల్ల మాత్రం జనం డబ్బు పోతుంది.

ముందు లెక్క చూద్దాం. 1,000 మెగావాట్ల సోలార్ పార్కు మన సీమ ఎండలో 23 శాతం వినియోగంతో నడిచినా ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తుంది. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం 75 శాతం లోడు మీద నడిస్తే 657 కోట్ల యూనిట్లు ఇస్తుంది. అంటే ఒక మెగావాట్ బొగ్గును పక్కన పెట్టాలంటే, యూనిట్ల లెక్కలోనే మూడు మెగావాట్లకు పైగా సోలార్ కావాలి. 2025లో దేశపు స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర వాటా, అంటే బొగ్గు, గ్యాస్ వంటివి కాని కేంద్రాల వాటా, సగానికి చేరింది. ఆ వార్త చదివి కరెంటులో సగం శుభ్రమైపోయిందని అనుకున్నవారు చాలామందే ఉన్నారు. నిజానికి వాడే యూనిట్లలో నూటికి సుమారు 70 ఇప్పటికీ బొగ్గువే.

ఇంతవరకు సులువైన భాగం. రెండో భాగం సాయంత్రం మొదలవుతుంది. ఫిబ్రవరిలో ఏదో ఒక రోజు మా తెర మీద సోలార్ గీత చూస్తే, ఉదయం ఏడు నుంచి గోపురంలా లేచి, పన్నెండున్నర ప్రాంతంలో శిఖరం చేరి, సాయంత్రం ఆరున్నరకల్లా నేలకు దిగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, దుకాణాల్లో బోర్డులు, వంటింట్లో మిక్సీలు, టీవీలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ గంటన్నర వ్యవధిలో వేల మెగావాట్లను మరో చోటి నుంచి ఎత్తి ఇవ్వాలి. థర్మల్ యూనిట్‌ను మధ్యాహ్నం ఆర్పేసి సాయంత్రం వెలిగించుకోవచ్చు కదా అని కుర్రాళ్లు అడుగుతారు. అది గ్యాస్ పొయ్యి కాదు, చల్లారిన బాయిలర్ మళ్లీ రాజుకుని పూర్తి లోడుకు రావడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే పగలు సోలార్ పొంగిపొర్లుతున్నా బొగ్గు యూనిట్లను 55 శాతం దగ్గర నిప్పు ఆరకుండా నడుపుతూ ఉంటాం. ఆ తక్కువ లోడు మీద యూనిట్‌కు కాలే బొగ్గు మామూలు కంటే ఎక్కువ. ఇంకా మిగులు ఉంటే, ఎంత బాధగా ఉన్నా, సోలార్‌నే తగ్గించుకోమని చెప్పవలసి వస్తుంది.

డబ్బు పోయేది ఇక్కడే. పగటి మెగావాట్లనే లెక్కించి, సాయంత్రానికి ఏర్పాటు చేసుకోని పంపిణీ సంస్థ, మధ్యాహ్నం తన మిగులును పవర్ ఎక్స్ఛేంజిలో చౌకగా అమ్ముకుని, ఎండాకాలపు రాత్రి అదే ఎక్స్ఛేంజిలో యూనిట్ గరిష్ఠ ధర 10 రూపాయలకు కొనుక్కుంటుంది. ఆ తేడా ఏడాది గడిచాక ట్రూ అప్ అనే సర్దుబాటు ఛార్జీ పేరుతో ఎవరి బిల్లులోకి వస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. బిల్లు చూసి మండిపడేవారు సోలార్‌నే తిడతారు. తప్పు సోలార్‌ది కాదు, నిల్వ లేకుండా సోలార్‌ను లెక్కించిన ప్రణాళికది.

కాబట్టి ఎవరైనా నిల్వ గురించి మాట్లాడితే ఎన్ని మెగావాట్లని కాక, ఎన్ని గంటలని అడగండి. 1,000 మెగావాట్ల బ్యాటరీ రెండు గంటలకైతే 20 లక్షల యూనిట్లే ఇవ్వగలదు. అది సాయంత్రపు ఎత్తును దాటిస్తుంది గాని తెల్లవారేదాకా తోడురాదు. ఈ విషయంలో మన నేల మనకు అనుకూలం. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలు వెనక్కి తిరిగి నీటిని పైకి ఎక్కించగలిగేవే. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఏడు ఉన్నాయి. పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఏ నదికీ అడ్డుపడకుండా రెండు జలాశయాల మధ్యే నీటిని తిప్పుతుంది. దానికి కూతవేటు దూరంలోనే కర్నూలు సోలార్ పార్కు ఉంది. ఎగువ సీలేరులో మరో 1,350 మెగావాట్లు రావలసి ఉంది. నూరు యూనిట్లు పెట్టి నీరెక్కిస్తే 75 నుంచి 80 తిరిగి వస్తాయి, మిగతావి నష్టం. సోలార్‌ను వృథాగా తగ్గించుకోవడం కంటే ఆ నష్టమే నయం. ఉమ్మడి జలాశయాల్లో నీటి వాటాల తగవు లేకపోతే ఉన్న యంత్రాలనే ఇంకా బాగా వాడుకోవచ్చునన్నది నా అభిప్రాయం.

నిల్వ కంటే చౌకైన మార్గం ఇంకొకటి ఉంది. అది మన బోరు మోటారు. మా నాన్నగారు రాత్రి రెండు గంటలకు టార్చిలైటు, చేతికర్ర పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లడం నాకు బాగా గుర్తు. మిట్టల పొలంలో పాములు, తడి చేత్తో ముట్టుకోవలసిన స్టార్టరు, రెండూ భయమే. ఆ తరవాత ఆటో స్టార్టర్లు వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రూపు ఫీడర్లకు సరఫరా ఇచ్చిన నిమిషంలోనే, రైతులు నిద్రలో ఉండగానే మోటార్లన్నీ ఒకేసారి లేచి, తెర మీద లోడు గోడలా నిలబడేది. గ్రిడ్ నిలకడను చూపే ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే గుండె దడదడలాడేది. అదే లోడు ఇవాళ పగటి తొమ్మిది గంటల సరఫరాలోకి మారితే, ఎండ ఉన్నప్పుడు నీరు తోడుకుని మడిలో నిలబెట్టుకున్నట్టే అవుతుంది, బ్యాటరీ కొననక్కర్లేదు. కాళేశ్వరంలో గాయత్రి పంపుహౌసు వంటి చోట్ల 139 మెగావాట్ల పంపులున్నాయి. అటువంటి ఎత్తిపోతలను కూడా వీలైనంతవరకు మధ్యాహ్నమే నడుపుకోవాలి. ఇది చెప్పగానే మోటార్లకు మీటర్లు బిగించి ఉచిత కరెంటు తీసేస్తారన్న పుకారు లేస్తుంది. ఏ వేళకు ఇవ్వాలన్నది ఒక నిర్ణయం, ఉచితంగా ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా వేరే నిర్ణయం. ఈ రెండింటినీ ముడివేసి రైతును బెదరగొట్టేవారి మీద నాకు ఓపిక పోయింది. బెదిరిన రైతు మీద మాత్రం కోపం రాదు, రాత్రి మోటారు కష్టం చూసినవాణ్ని కనుక.

గాలి కరెంటును తక్కువ అంచనా వేయకండి. నైరుతి రుతుపవనాల కాలంలో మబ్బు కమ్మి సోలార్ తగ్గిన రోజుల్లోనూ, పొద్దు గూకాకా అనంతపురం, కర్నూలు గాలిమరలే మమ్మల్ని ఆదుకుంటాయి. ఆ మరలు మబ్బులను తోలేసి వానలు పడకుండా చేస్తున్నాయని ఒక ఊళ్లో పెద్దాయన నాతో గట్టిగా వాదించారు. రెక్క కొన సుమారు 200 మీటర్లు లేస్తుంది, వానమబ్బులు దానికి ఎంతో పైన ఉంటాయి. అయినా వరసగా కరవు చూసిన మనిషికి ఏదో ఒక కారణం కావాలి. ఆయన్ని చూసి నవ్వలేకపోయాను.

మిగతావి త్వరగా చెబుతాను. చెట్లు నాటి సరిపెట్టుకోవచ్చనేది ఒకటి. సింహాద్రి వంటి 2,000 మెగావాట్ల కేంద్రం 70 శాతం లోడు మీద నడిస్తే ఏడాదికి సుమారు 1.1 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోలు పీలుస్తుందనుకున్నా, ఆ ఒక్క కేంద్రానికే 55 కోట్ల చెట్లు బతికి నిలవాలి. చెట్లు నాటండి, నీడకూ వానకూ మంచిది, కానీ చిమ్నీకి బదులుగా వాటిని చూపకండి. ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా బొగ్గుతోనే నడుస్తుంది కాబట్టి లాభం లేదనేది ఇంకొకటి. 100 కిలోమీటర్లకు అది తినేది మూడు యూనిట్లు, నేటి గ్రిడ్ లెక్కన సుమారు 2.1 కిలోలు. లీటరుకు 50 ఇచ్చే పెట్రోలు బండి అదే దూరానికి 4.6 కిలోలు వదులుతుంది. పగలు ఛార్జింగ్ పెట్టుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది.

కరెంటు శుభ్రమైతే అన్నీ శుభ్రమవుతాయనుకోవడం కూడా పొరపాటే. హుజూర్‌నగర్, యర్రగుంట్ల, జగ్గయ్యపేట సిమెంటు కొలిముల్లో 100 కిలోల సున్నపురాయిని కాలిస్తే, కింద ఏ ఇంధనం మండినా రాయిలోంచే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. దాన్ని పట్టి దాచడమో, సిమెంటులో క్లింకర్ (ఆ రాయిని కాల్చగా వచ్చే గట్టి ఉండలు) పాలు తగ్గించడమో తప్ప దారి లేదు. తగ్గించడానికి నేడు కలుపుతున్న ఫ్లైయాష్ అనే బూడిద బొగ్గు కేంద్రాలదే కావడం ఈ వ్యవహారంలోని తమాషా. వరి మానేయమంటారన్న భయమూ అనవసరం. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుట్టేది ఎప్పుడూ నీరు నిలిచి ఉండే మడిలో. నీరు నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు జారేదాకా ఆగి మళ్లీ తడి ఇచ్చే ఆరుతడి పద్ధతిలో అది దాదాపు సగం దాకా తగ్గుతుంది, పూత వేళ మాత్రం మడి ఎండకూడదు.

మందమర్రి నుంచి ఒక కార్మికుడి కొడుకు, గని మూసేస్తారా అని నన్ను అడిగాడు. భారతదేశం ప్రకటించిన నికర సున్నా, అంటే గాలిలోకి వదిలేదీ తిరిగి పట్టేదీ సమానమయ్యే గడువు 2070. చాలా గనులు ఆ గడువుతో పని లేకుండా బొగ్గు అయిపోయే మూతపడతాయి. నీ తండ్రి ఉద్యోగానికి ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు, నువ్వు మాత్రం గని పని ఒక్కటే నమ్ముకోకు అన్నాను. సింగరేణి తానే సోలార్ ప్లాంట్లు పెట్టుకుంటోందని కూడా చెప్పాను. అంతకంటే తియ్యగా చెప్పడం నాకు చేతకాలేదు.

మాస్టారు మొన్న మళ్లీ వచ్చారు. నా మాట విని నీళ్ల మోటారును సాయంత్రం ఆరు నుంచి పగలు పదకొండుకు మార్చుకున్నారట, గీజరుకూ టైమరు పెట్టారట, బిల్లులో మాత్రం నయాపైసా తేడా రాలేదట. రాదు. నెలకు చెల్లుకు చెల్లు వేసే మీటరుకు పగలూ రాత్రీ ఒకటే. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర వేళల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నాయి గాని, ఏ గంటకు ఎంత వాడారో రాసుకునే స్మార్ట్ మీటరు ఉంటేనే ఆ ధర ఇంటికి వర్తిస్తుంది. ఆ మాట అనగానే మాస్టారు కాసేపు మాట్లాడలేదు. మా వీధిలో స్మార్ట్ మీటర్లు వద్దని రాసిన అర్జీలో మొదటి సంతకం ఆయనదే.